విజయవాడలో పానెల్ సా కటింగ్ సర్వీసు: రౌటర్ టేబుల్ క్యాబినెట్ కోయించాక నా రివ్యూ

ఆటోనగర్ వైపు పానెల్ సా అనే పెద్ద కోత మెషీన్ మీద ప్లైవుడ్ షీట్లు కొలతకి కోసిచ్చే యూనిట్లు ఉన్నాయి కదా, మాడ్యులర్ కిచెన్ వాళ్ళకీ వార్డ్‌రోబ్ వాళ్ళకీ కోసిపెట్టేవి, అందులో ఒకదాంట్లో నేను ఇంటి షెడ్డు కోసం రౌటర్ టేబుల్ క్యాబినెట్ మొత్తం కోయించుకున్నాను. కటింగ్ సూపర్, ఎడ్జ్ బ్యాండింగ్, అంటే అంచులకి పట్టీ అంటించడం, దండగ, కౌంటర్లో మాట్లాడే పద్ధతి అంతంతమాత్రం. టైం లేనోళ్ళు ఇక్కడితో ఆపేసి వెళ్ళి కోయించుకోవచ్చు. యూనిట్ పేరు రాయట్లేదు, పొగిడేవీ తిట్టేవీ రెండూ ఉన్నాయి, పైగా ఊళ్ళో ఏ యూనిట్‌కి వెళ్ళినా అడగాల్సినవి ఇవే.

తెలియనివాళ్ళకి ముందు అసలు సంగతి. రౌటర్ అంటే బిట్ అనే చిన్న కోత ముక్కని గిర్రున తిప్పి చెక్కకి గాడీ, అంచుకి డిజైనూ తీసే మెషీన్. రౌటర్‌ని చేత్తో పట్టుకుని చెక్క మీద తిప్పే బదులు దాన్ని టేబుల్ కింద తలకిందులుగా బిగించేసి చెక్కనే బిట్ దగ్గరికి తోస్తాం, అదే రౌటర్ టేబుల్. ఫొటో ఫ్రేముల బీడింగూ, తలుపు పట్టీలకి గాడీ, సొరుగు అంచులకి గుండ్రం తీయడం, ఇలాంటి సన్న పట్టీల పని చేతి రౌటర్‌తో చేస్తే వేళ్ళకి ముప్పు, టేబుల్ మీదైతే హాయి. మన మేస్త్రీలు చాలామంది ఒక ప్లై ముక్కకి బొక్క కొట్టి రౌటర్ బిగించి రెండు స్టూళ్ళ మీద పెట్టి లాగించేస్తారు, చెయ్యి తిరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళకి నడుస్తుంది. నాకు సొరుగులూ, బిట్లకి అరలూ, పొట్టు లాగే పైపూ అన్నీ ఒకే డబ్బాలో కావాలి, పని అయిపోగానే చక్రాల మీద గోడ వారకి తోసేసి బండి పెట్టుకునేలా ఉండాలి. మా ఇంటికి కబోర్డులు చేసిన మేస్త్రి చూసి "దీనికింత హంగామా ఎందుకు మాస్టారూ, ఆ డబ్బుతో ఇంకో మెషీన్ వచ్చేది కదా" అన్నాడు. అన్నాడు గానీ తర్వాత బీడింగ్ కొట్టుకోడానికి పట్టీలు తీసుకుని ఆయనే వస్తున్నాడు, అది వేరే సంగతి.

ప్లై దగ్గర నేను పొదుపు చూడలేదు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో మా బాబాయి వాళ్ళింట్లో వార్డ్‌రోబ్ అడుగుభాగం ఉబ్బి పొరలు పొరలుగా విడిపోవడం చూశాక మామూలు రకం ఎంఆర్ గ్రేడ్ ప్లై అంటేనే భయం పట్టుకుంది. షెడ్డులో వానాకాలం నేల ఎలాగూ చెమ్మగా ఉంటుంది. అందుకని డబ్బా అంతా ఐఎస్ 710, అంటే మెరైన్ అని అమ్ముతారే, అదే తీసుకున్నా. షీట్ మీద ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఏ కంపెనీదో ఏ ప్రమాణానికి ఇచ్చారో వస్తుంది. షాపు కుర్రాడి ముందే ఫోన్ తీసి చూడండి, మొహమాటపడొద్దు, "710 లాంటిదే సార్" అని చెప్పే సరుకు చాలా తిరుగుతోంది బజార్లో. పైన టాప్‌కి మాత్రం ప్లై వద్దనుకుని హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు, అదే చెక్క పీచుని గట్టిగా నొక్కి చేసేది, వేశాను. ప్లైలో లోపల పొరలు ఒకదాని మీదొకటి ఎక్కితే పైన అలలా తేలుతుంది, వార్డ్‌రోబ్‌కైతే ఎవరికీ కనపడదు, రౌటర్ టేబుల్ మీద మాత్రం గాడి లోతులో తేడా వచ్చేస్తుంది. హెచ్‌డీహెచ్ఎంఆర్ మందం అంతటా ఒకేలా ఉంటుంది, బరువెక్కువ, బరువు ఇక్కడ మంచిదే. కాకపోతే అది చెమ్మని ఓర్చుకునే బోర్డు అంతే, నీళ్ళలో నానితే దానికీ తప్పదు.

ఇక కటింగ్ యూనిట్. కౌంటర్లో ఓనర్ గారికి కటింగ్ లిస్ట్ ఇస్తే మొదటి మాటే "అంగుళాల్లో చెప్పండి సార్, ఈ మిల్లీమీటర్లు మాకు కుదరవు" అన్నారు, లోపల మెషీన్ మీద స్కేల్ చూస్తే మిల్లీమీటర్లే. వన్‌టౌన్ నుంచి షీట్లు దింపుకుని అక్కడిదాకా వెళ్ళాక వెనక్కి ఎలా వస్తాం, కాసేపు అటూఇటూ అయ్యాక ఆపరేటర్ తమ్ముడే వచ్చి కాగితం తీసుకుని "నేను చూసుకుంటాలే అన్నా" అని లోపలికి తీసుకెళ్ళాడు. నూళ్ళ లెక్కలో ఇస్తే, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఒక నూలు అటోఇటో అయిందంటే 3 మిల్లీ పోయినట్టే, సొరుగు జారే పట్టాలకి, అంటే చానెల్‌కి, అంత తేడా కుదరదు, కాబట్టి మీరు కూడా కాగితం మీద మిల్లీమీటర్లే రాసివ్వండి, ముక్క పక్కనే గ్రెయిన్, అంటే చెక్క చార, ఏ వైపో బాణం గీయండి, ఓనర్‌తో కాకుండా మెషీన్ దగ్గర నిలబడే మనిషితో మాట్లాడండి.

లిస్ట్ రాసేటప్పుడు బ్లేడు తినే మందం లెక్కేసుకోండి, ఇది మర్చిపోతే షీట్ పాడైనట్టే. షీట్ 2440 బై 1220 ఉంటుంది, 1220ని రెండు చేస్తే 610 చొప్పున వస్తుందని కాగితం మీద అనిపిస్తుంది గానీ బ్లేడు ఒక్కో కోతకి 3 మిల్లీ పైనే తినేస్తుంది, పైగా ఫ్యాక్టరీ అంచులు లారీల్లో దెబ్బతిని ఉంటాయి కాబట్టి ముందు ఒక వైపు 5 మిల్లీ తీసేసి అక్కణ్ణుంచి కొలవాలి. అందుకని నా డబ్బా లోతు 550 పెట్టుకున్నా, షీట్‌కి రెండు పట్టీలు పోను ఇంకో 100 పట్టీ మిగిలింది, అది సొరుగు ముఖాలకి సరిపోయింది. మొత్తం ఎత్తు 900, నాకు మోచెయ్యి కింద సరిగ్గా వస్తుంది, చక్రాలకి 100, టాప్‌కి 38, మిగతా 762 డబ్బా. వెడల్పు 800. మధ్యలో రౌటర్‌కి మూసిన గది, అటూఇటూ సొరుగుల వరసలు. టాప్ 900 బై 600, అంటే పక్కలకి 50 చొప్పున బయటికి ఉంటుంది, ఆ 50 లేకపోతే క్లాంప్ పెట్టడానికి పెదవి దొరకదు, నెట్‌లో చాలా డిజైన్లలో ఇది వదిలేస్తారు.

కోత విషయానికొస్తే దండం పెట్టాలి. ఆ మెషీన్‌లో పెద్ద బ్లేడుకి ముందు చిన్న స్కోరింగ్ బ్లేడు ఒకటుంటుంది, అది కింద నుంచి అడుగు పొరని సన్నగా గీస్తూ పోతుంది, వెనకాలే పెద్దది కోస్తుంది, దాంతో అడుగు వైపు ఒక్క పెచ్చు కూడా లేవలేదు. చేతి మెషీన్‌తో కోస్తే మాస్కింగ్ టేప్ ఎంత అంటించినా వెనీర్ కొద్దో గొప్పో లేస్తుంది. నాలుగు నిలువు ముక్కలూ ఒకదాని మీదొకటి పేర్చి అంచు మీద గోరు పెట్టి పైనుంచి కిందకి లాగాను, ఎక్కడా మెట్టు తగల్లేదు. మూల నుంచి మూలకి టేప్ పట్టుకుని రెండు వైపులా చూస్తే తేడా మిల్లీమీటర్ లోపే. నా మూలమట్టం కన్నా వాళ్ళ మెషీనే కరెక్ట్ అనిపించింది ఒక దశలో. ఆ తమ్ముడు ప్రతి ముక్క మీదా నంబర్ వేసి, టాప్ ముక్కల్ని మాత్రం విడిగా పక్కన పెట్టి "ఇవి పడుకోబెట్టి తీసుకెళ్ళండన్నా, నిలువుగా ఆనిస్తే వంపొస్తది" అన్నాడు. పని మీద ప్రేమ ఉన్నోడు.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది, ఇది యూనిట్ తప్పు కాదు. 18 అని ముద్ర ఉన్న ప్లైకి కాలిపర్ పెడితే 17.4 చూపించింది. దళసరి ప్లైకి ప్రమాణంలోనే 5 శాతం అటూఇటూ వదిలారు, అంటే 17.1 దాకా కంపెనీని తప్పు పట్టలేం. వార్డ్‌రోబ్‌లో ఎవడికీ పట్టదు, నా డబ్బాలో నాలుగు నిలువులు వరసగా వస్తాయి, ఒక్కోటీ 0.6 తగ్గితే మొత్తం 2.4 మిల్లీ. టెలిస్కోపిక్ చానెల్‌కి సొరుగుకి అటు 13 ఇటు 13 వదలాలి, అది రెండు మిల్లీ వదులైతే సొరుగు ఊగుతుంది, బిగుతైతే అసలు కదలదు. అందుకని సొరుగుల ముక్కలు ఆ రోజు కోయించలేదు. డబ్బా బిగించాక లోపలి గ్యాప్ కొలుచుకుని, దాంట్లోంచి 26 తీసేసి అప్పుడు కోయించాను. రెండోసారి వెళ్ళాల్సి వచ్చినా సరే ఇలాగే చెయ్యండి, అన్నీ ఒకేసారి కోయిస్తే చానెళ్ళ వెనకాల అట్టముక్కలు పెట్టుకుంటూ కూర్చోవాలి.

ఎడ్జ్ బ్యాండింగ్ సంగతి చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది. అడుగుకి ఇంత అని విడిగా తీసుకున్నారు, పీవీసీ పట్టీ మెషీన్ మీదే అంటించారు, ఇంటికొచ్చి చూస్తే మూలల దగ్గర గమ్ పట్టలేదు, ఎండలో కాసేపు ఉంచితే సగం పట్టీ లేచి నాలుకలా వేలాడింది. ఫోన్ చేస్తే "మీరు ఎండలో పెట్టారు సార్" అని నామీదకే తోశారు. విజయవాడలో ఎండలో పెట్టకూడని సరుకు అమ్మేవాళ్ళు ఊటీలో షాపు పెట్టుకోవాలి కదండీ. పట్టుబట్టి అడిగితే మళ్ళీ తీసుకొస్తే అంటిస్తామన్నారు, బిగించిన డబ్బా ఆటోలో ఎక్కించి ఎవడు తీసుకెళ్తాడు. చివరికి పట్టీలు పీకేసి నేనే 6 మిల్లీ టేకు పట్టీలు ఫెవికాల్ పెట్టి అంటించి చిత్రిక పట్టుకున్నా, చూడ్డానికి కూడా బాగుంది. అందుకే ఆ యూనిట్‌లో కోత వరకే చేయించుకోండి, అంచులు మీరే చూసుకోండి.

రవాణాకి వాళ్ళే ట్రాలీ ఆటో మాట్లాడిపెట్టారు, రేటు న్యాయంగానే ఉంది. కాకపోతే ముక్కల మధ్య అట్టలు వేయడం వాళ్ళకి అలవాటు లేదు, ఇంటి నుంచి రెండు పాత దుప్పట్లు పట్టుకెళ్ళండి.

టాప్ ఎలా చేశానంటే, రెండు 18 బోర్డులు ఒకదానికొకటి ఫెవికాల్ ఎస్‌హెచ్ రాసి అంటించి, పైనా కిందా రెండు వైపులా సన్‌మైకా వేశాను. కింద ఎవడు చూస్తాడులే అని ఒకవైపే వేస్తే చెమ్మ ఒకవైపు నుంచే పీల్చి వానాకాలంలో గిన్నెలా వంగుతుంది. అంటించాక ప్లాస్టరింగ్ మేస్త్రీలు వాడే అల్యూమినియం పట్టీ అడ్డంగా, నిలువుగా, మూలలకి పెట్టి కింద కాగితం దూరుతుందేమో చూసుకోండి. మధ్యలో రౌటర్ బిగించే ప్లేట్ కోసం ఆన్‌లైన్‌లో 300 బై 235 అల్యూమినియం ప్లేట్ తెప్పించాను, 8 మిల్లీ మందం, బిట్ చుట్టూ కన్నం తగ్గించే రింగులతో వస్తుంది. వచ్చిన ప్లేట్ మధ్యలో ఒక వెంట్రుకంత గుంటగా ఉంది, రింగు ప్లేట్ కన్నా కొంచెం ఎత్తుగా కూర్చుంది, చెక్క తోస్తుంటే తట్టుకునేది, రింగు అడుగున ఎమెరీ పేపర్ మీద రుద్ది దించాల్సి వచ్చింది. రిటర్న్ పెడదామంటే అప్పటికే రౌటర్ బేస్‌కి బొక్కలు కొట్టేశాను. మీరు పార్సిల్ తెరిచిన వెంటనే స్కేల్ పెట్టి చూసుకున్నాకే డ్రిల్ ముట్టుకోండి. ప్లేట్ వద్దనుకునేవాళ్ళకి వన్‌టౌన్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మందపాటి హైలం షీట్ కూడా బాగానే పనిచేస్తుంది, యాక్రిలిక్ జోలికి మాత్రం పోవద్దు, రౌటర్ బరువుకి మెల్లగా జారి మధ్యలో కుంగుతుంది.

రౌటర్ నాది మకీటా ఆర్‌పీ 2301 ఎఫ్‌సీ, 2100 వాట్లు, స్పీడు 9,000 నుంచి 22,000 దాకా మార్చుకోవచ్చు, బరువు ఆరు కిలోలు. తలుపు పానెళ్ళకి వాడే పెద్ద బిట్లు వేస్తే స్పీడు బాగా తగ్గించాలి, రెండంగుళాలు దాటిన బిట్‌ని పది పన్నెండు వేలకి మించి తిప్పకూడదు, కాబట్టి స్పీడు మార్చడం కుదరని రౌటర్‌తో టేబుల్ కట్టుకోవడం దండగ. కాలెట్, అంటే బిట్ కాడని పట్టే బిగింపు, 12 మిల్లీదా అరంగుళందా చూసుకోండి, అరంగుళం అంటే 12.7, రెంటినీ కలిపేసి అమ్మేస్తుంటారు, షాంకూ, అంటే బిట్ కాడ, కాలెట్టూ ఒకటే సైజు అయి తీరాలి. పైకీ కిందకీ జరపడానికి విదేశీ లిఫ్ట్ అంటే రౌటర్ ఖరీదంత అవుతుంది, నేను ఆటోనగర్లోనే పాత కారు జాకీ, ఆ కత్తెరలా ముడుచుకునేది, కొనుక్కొచ్చి రౌటర్ కింద పెట్టాను. హ్యాండిల్ తలుపు బయటికి తీశా, అరమిల్లీ దాకా హాయిగా సెట్ అవుతోంది. ఊళ్ళో ఇంత పెద్ద ఆటోనగర్ పెట్టుకుని లిఫ్ట్ ఇంపోర్ట్ చేసుకోవడం ఏంటండీ.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2100 వాట్లంటే 9 ఆంపియర్లు, పక్కనే 1400 వాట్ల వాక్యూమ్ పెడితే ఇంకో ఆరు, రెండూ కలిపి 15, కాబట్టి 16 ఆంపియర్ల పవర్ సాకెట్ నుంచే తీసుకోవాలి, సెల్‌ఫోన్ చార్జర్లు పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీస్తే వైరు కరుగుతుంది. ఇంకా ముఖ్యమైంది, రౌటర్ స్విచ్ ఆన్‌లో లాక్ అయి ఉండగా కరెంటు పోయి మళ్ళీ వస్తే, మీ చెయ్యి బిట్ దగ్గరుండగా అది దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. దానికి నో వోల్ట్ స్విచ్ కావాలి, ఆన్‌లైన్‌లో వెతికే పని లేదు, నీళ్ళ మోటార్లకి పెట్టే సింగిల్ ఫేజ్ డీఓఎల్ స్టార్టర్ తెచ్చి డబ్బాకి ముందు వైపు బిగించా, కాయిల్ 230 వోల్టులది. కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, పచ్చ బటన్ నొక్కితేనే మళ్ళీ తిరుగుతుంది, ఎర్ర బటన్ మోకాలితో కూడా కొట్టొచ్చు. షాపులో మాత్రం జాగ్రత్త, పొలాల మోటార్లకి కరెంటు రాగానే దానంతటదే ఎక్కే ఆటో స్టార్టర్ ఇవ్వబోతారు, అది మనకి సరిగ్గా ఉల్టా. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించుకోండి.

పొట్టు కోసం రౌటర్ గది వెనకాల 4 అంగుళాల పీవీసీ పైపు, ఫెన్స్, అంటే చెక్కని ఆనించి తోసే నిలువు పలక, వెనకాల రెండున్నర. గది తలుపుకి కింద గాలి లోపలికి వచ్చేలా సన్న సందులు వదలాలి, గట్టిగా మూసేస్తే పొట్టు కదలదు, మోటారు కూడా వేడెక్కుతుంది. మాస్క్ ఎలాగూ పెట్టుకోండి, హెచ్‌డీహెచ్ఎంఆర్ గాడి కొట్టినప్పుడు వచ్చే సన్నటి పొడి ఏ వాక్యూమూ పూర్తిగా లాగదు. చెవులకి మఫ్స్ కూడా. కొత్తవాళ్ళకి ఇంకో ముక్క, టేబుల్ మీద చెక్కని ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే తొయ్యాలి, బిట్ తిరిగే దిక్కుకి ఎదురుగా, తిరగేసి తోస్తే చెక్కని చేతుల్లోంచి లాగేసుకుంటుంది.

కటింగ్ యూనిట్‌కి పొద్దున్నే షట్టర్ తీసే టైంకి వెళ్ళండి, పదకొండు దాటితే కిచెన్ కాంట్రాక్టర్ల లోడ్లు దిగుతాయి, ఇక మన రెండు షీట్ల మొహం ఎవరూ చూడరు. బిల్లు అడగండి, ప్లైకి 18 శాతం జీఎస్టీ కట్టి మరీ తీసుకోండి, షీట్ లోపల బోలు బయటపడితే మార్చమని అడగడానికి అదొక్కటే కాగితం. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ముందు ఫోన్ చేసి మెషీన్ నడుస్తోందా అని కనుక్కునే బయల్దేరండి, బ్లేడు పదును పెట్టడానికి పంపిన రోజు ఊరికే రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు.

ఇంకోటి, కోత అయ్యాక మిగిలిన ముక్కలు అడిగి తీసుకోండి. అడక్కపోతే పక్కకి పెట్టేసి సాయంత్రం ఎవరికో అమ్మేస్తారు, అడిగితే "అవి చెత్త సార్, మీకెందుకు" అంటారు. ఆ చెత్తలోంచే నాకు ఫెన్స్ మొత్తం, చెక్కని తోసే పుష్ స్టిక్కులూ, బిట్ల అరలకి బొక్కలు కొట్టిన పలకలూ వచ్చాయి, ఒక్క పలక పావలా బిట్లకి 6 మిల్లీ బొక్కలతో, ఇంకోటి అరంగుళం వాటికి. పావలా బిట్లంటే పావంగుళం షాంకువి, 6.35 ఉంటాయి, అవి 6 మిల్లీ బొక్కలో దిగవు కాబట్టి 6.5 డ్రిల్‌తో ఇంకొంచెం వదులు చేశా, చెయ్యి పెట్టగానే బయటికొస్తున్నాయి.